బావి మూసేశాక

రాజమండ్రి శివార్లలో, జీడిమామిడి తోటల నడుమ ఉన్న ఆ ప్రయోగశాలలో అందరూ దాన్ని మాగుడు గది అనేవాళ్ళు. కాగితాల మీద దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరొకటి ఉండేది గానీ ఎవరూ పలికిన పాపాన పోలేదు. గడ్డిలో మామిడికాయల్ని మాగబెట్టినట్టు ఆ గదిలో రాళ్ళను మాగబెట్టేవారు.

దాన్ని కనిపెట్టినవాడు డాక్టర్ సోమయాజులు. భూమి లోతుల్లోంచి తవ్వి తెచ్చిన రాతి కడ్డీని నిలువెత్తు ఉక్కు గొట్టంలో నిలబెట్టి, దాని మీద ఆ ఊళ్ళో ఉన్న వరసలోనే బంకమట్టీ, ఇసకా పేర్చి, మధ్యలో నూనె బావికి వాడే ఇనప గొట్టాన్నీ, దాని చుట్టూ సిమెంటునీ చిన్న కొలతలో అమర్చి, గది తలుపు మూసేవారు. ఆ తర్వాత వేడి, ఒత్తిడి, వాటితో పాటు సోమయాజులు పదిహేనేళ్ళు కుస్తీ పట్టి తయారుచేసిన ఒక వాయువు. ఆ వాయువు తగిలిన రాయికి కాలం పరిగెత్తేది. బయట ఒక రోజు గడిస్తే లోపల రాయికి రెండేళ్ళు గడిచేవి. బావి తవ్వకముందే ఆ బావి జీవితమంతా చూసేయవచ్చు. మొదటి ఏడాది ఎన్ని పీపాల నూనె వస్తుందో, ఎప్పుడు తగ్గుముఖం పడుతుందో, ఎప్పుడు మూసేయాలో అన్నీ ముందే తెలిసిపోయేవి.

రాయి చెప్పిన దాన్ని రూపాయల్లోకి మార్చడం ఇందుమతి పని. ఆమె ఇంజనీరింగ్ చదివి, ఆపైన అర్థశాస్త్రం చదివింది. నలభై దాటింది. పెళ్ళి ఊసెత్తితే నవ్వి ఊరుకునేది. ఆ ఏడు ప్రయోగశాల నడిపే నూనె కంపెనీ ముందు మూడు చోట్లున్నాయి. మూడు చోట్లా భూమి లోపల షేల్ ఉంది, అంటే పొరలు పొరలుగా ఉండి, నూనెను తనలో బిగబట్టుకుని ఒక పట్టాన వదలని నల్లరాయి. జార్ఖండ్‌లో బొకారో, గుజరాత్‌లో మెహసానా, ఇక్కడ కోనసీమ. డబ్బు ఒకచోటికే ఉంది. ఎక్కడ పీపా నూనె చవగ్గా పడుతుందో తేల్చమన్నారు.

బొకారోలో రాయి పైపైనే దొరుకుతుంది, తవ్వకం చవక. కానీ అది ముక్కలు ముక్కలుగా విరిగి ఉంది, బావి తొందరగా ఎండిపోతుంది, నూనె మోసుకుపోయే పైపులైనూ లేదు. మెహసానాలో రాయి దళసరి, చుట్టూ పాత నూనె బావులూ పైపులూ ఉన్నాయి. కానీ రాయిని పగలగొట్టడానికి కావలసిన నీళ్ళు ఎక్కడినుంచో మోసుకురావాలి. కోనసీమలో చాలా లోతుకి పోవాలి, ఒక్కో బావికీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. అయినా అక్కడి రాయి వేడి మీదుంది, లోపలి ఒత్తిడే నూనెను పైకి తోస్తుంది, గోదావరి పక్కనే ఉంది, కాకినాడ రేవు దగ్గర. మూడు రాళ్ళనూ మాగుడు గదిలో పెట్టి చూస్తే బొకారో బావి పదేళ్ళకీ, మెహసానా బావి పద్దెనిమిదేళ్ళకీ చేతులెత్తేశాయి. కోనసీమ బావి ఇంకా ధార కడుతూనే ఉంది. మరో వారంలో దాని సంగతీ తేలిపోతుందనగా ఇందుమతి సెలవు పెట్టి మోగళ్ళదిబ్బ వెళ్ళింది. అక్కడ ఆమె అక్క మనవరాలికి బారసాల.

మోగళ్ళదిబ్బ సఖినేటిపల్లి దాటాక సముద్రం వైపు ఉంటుంది. కోనసీమ రాయి ఆ ఊరి కిందినుంచి తెచ్చిందే. అక్క సత్యవేణి ఆ ఊరి సర్పంచి. తల్లి పోయాక ఇందుమతిని పెంచింది ఆవిడే. నాలుగేళ్ళ క్రితం, నూనె బావి తవ్వే రిగ్గు తెప్పిస్తానని చెప్పి ఎన్నికల్లో గెలిచింది. రిగ్గు వస్తే కంపెనీ రోడ్డు వేస్తుంది, ఇరవై పడకల ఆసుపత్రి కడుతుంది. ఆ ఊళ్ళో ఆసుపత్రి ఎందుకు కావాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవేళ ఉయ్యాలలో పడుకున్న పిల్ల కూడా, తల్లిని నర్సాపురం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, గోదావరి మధ్యలో, రేవు దాటించే పంటు మీద పుట్టింది. తల్లి బతకడం అదృష్టం.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు తుడుచుకుంటూ సత్యవేణి అడిగింది. "ఏమే ఇందూ, మన రాయి గెలుస్తాదా?"

"ఇప్పటికి మనదే ముందుంది."

"గెలిస్తే నాకు ముందు ఫోను చెయ్యి. ఆసుపత్రికి జాగా చూసి ఉంచేను. మళ్ళీ ఇంకో ఆడపిల్ల పంటు మీద కనకూడదు."

ఇందుమతి ఉయ్యాల దగ్గరికెళ్ళి కూర్చుంది. ఆమె తలలో ఎప్పుడూ అంకెలే ఆడుతుంటాయి. ఈ బావి ముప్ఫై ఏళ్ళు నడుస్తుందనుకుంటే, మూసేనాటికి ఈ పిల్లకు ముప్ఫై నిండుతాయి. తన లెక్క అక్కడితో ఆగిపోతుంది. పిల్ల మాత్రం ఇంకా సగం జీవితం పైగా ఈ ఊళ్ళోనే ఉంటుంది. అన్నేళ్ళుగా రాళ్ళను మాగబెడుతూ, బావి మూసేశాక రాయి ఏం చేస్తుందో ఒక్కరూ చూడలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

తిరిగొచ్చిన కొద్దిరోజులకి కోనసీమ బావి ముప్ఫై ఒకటో ఏట ఎండింది. అంతకాలం నడిచిన బావి మరొకటి లేదు. లెక్క కట్టి చూస్తే పీపా ధర మూడింటిలోకీ తక్కువ తేలింది, దాని తర్వాతది బొకారో. గది చల్లార్చమని చెప్పాల్సిన ఇందుమతి ఆ మాట చెప్పకుండా సోమయాజులు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇంకో ఇరవై రోజులు నడపనిస్తారా?"

"బావి మూసేశాక ఏం చూస్తావమ్మా? నూనె రాదుగా."

"రాదు. ఏం వస్తుందో చూద్దామని."

సోమయాజులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అరవై అయిదేళ్ళ మనిషి. కనిపెట్టినది తనదే అయినా గది ఖర్చంతా కంపెనీది. "మనల్ని అడిగినది అంతవరకే" అన్నాడు. ఆ మాట తనకే నచ్చనట్టు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "సరే, నడుపు. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు" అన్నాడు.

పదిహేను రోజులు ఏమీ జరగలేదు. పదహారో రోజు, అంటే బావి మూసేసిన ముప్ఫై ఏళ్ళకి, గొట్టం చుట్టూ ఉన్న సిమెంటులో వెంట్రుకంత బీట కనిపించింది. అడుగున రాయి ఖాళీ అయిన చోట్లలోకి పాతాళపు ఉప్పునీరు చేరి, వేడికి ఒత్తిడి పెరిగి, ఆ బీట పట్టుకుని పైకి పాకింది. మరో రెండు రోజులకి పై ఇసక పొరలో అమర్చిన కొళాయి నుంచి పడే బొట్లు ఉప్పగా మారాయి. కోనసీమలో మంచినీళ్ళు ఉండేది ఆ పై ఇసకలోనే. దాని కిందంతా ఎలాగూ ఉప్పు. పైనున్న పల్చటి తీపి పొర మీదే కొబ్బరీ, వరీ, మనుషులూ బతుకుతున్నారు.

ఈ సంగతి ఆమె మొదట చెప్పింది సుమిత్రా హేంబ్రమ్‌కి. సుమిత్ర బొకారో దగ్గర గోమియాలో పుట్టి పెరిగిన భూగర్భ శాస్త్రవేత్త, బొకారో రాయిని తవ్వించి పంపింది ఆమే. ఫోనులో హిందీలో మాట్లాడుకునేవారు. అంతా విని సుమిత్ర అడిగింది.

"మరి మా రాయిని కూడా మూసేశాక నడిపారా?"

"లేదు."

"ఎందుకని?"

"నిజం చెప్పాలంటే, ఇది మా ఊరి రాయి కాబట్టి దీన్ని నడిపాను."

"అయితే మీ ఊరి నష్టం లెక్కలో కలుస్తుంది. మా ఊరిది కలవదు. రిగ్గు మా దగ్గరికి వస్తుంది. అంతేగా?"

ఆమె కోపంగా అనలేదు. మామూలుగానే అంది. ఇరవై రోజులూ నిండగానే ఇందుమతి కోనసీమ గొట్టానికి వాయువు ఆపించి, దాని పక్కనే బొకారో రాయిని మళ్ళీ నిలబెట్టించింది. ఆ రాయి మరోలా ప్రవర్తించింది. ఉప్పునీరు రాలేదు. మూసేసిన పాతికేళ్ళకి విరిగిన పగుళ్ళ వెంబడి గ్యాసు పైకెక్కి, ఊళ్ళ కిందున్న పాత బొగ్గు సొరంగాల పొరలో పోగవసాగింది. సుమిత్రకు ఫోను చేసి చెప్పింది. "మా నాన్న ఆ సొరంగాల్లోనే పనిచేశాడు. వాటి మీదే ఇప్పుడు మా ఇళ్ళు" అంది సుమిత్ర.

మెహసానా రాయిని కూడా నడపాలనుకున్నారు గానీ కంపెనీ ముంబై ఆఫీసు పెట్టిన గడువు ముంచుకొచ్చింది. చేతిలో ఉన్న రెండు ఫలితాలనూ లెక్కలో కలిపి ఇందుమతి పంపింది. కోనసీమ వెనక్కి పోతుందనే ఆమె నమ్మకం. తెర మీద మీటింగు జరిగింది. ఆర్థిక వ్యవహారాల పెద్ద రాఘవన్ మర్యాదస్తుడు. నివేదిక అంతా చదివే వచ్చాడు.

"చాలా మంచి పని చేశారు" అన్నాడు. "కానీ మీరు చెప్పే నష్టం ఇవాళ్టికి అరవై ఏళ్ళ దూరంలో ఉంది. అప్పటి వంద రూపాయలు, ఏటా పది శాతం తగ్గించుకుంటూ వచ్చే మన లెక్కన, నేటికి ముప్పావలా కూడా చెయ్యవు. కలిపి చూశాం. పీపా ధర కదల్లేదు. కోనసీమే చవక."

"సార్, అప్పటి నీళ్ళు కూడా ముప్పావలావేనా?"

"లెక్క నేను పెట్టింది కాదమ్మా. మీరు చదువుకున్న లెక్కే."

అది నిజం. ఆ సూత్రాన్ని ఆమె కొన్ని వందలసార్లు వాడింది. ముందుకు చూసే కొద్దీ మనుషులు చిన్నవాళ్ళయిపోయే ఆ సూత్రంలో తప్పేమిటో ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం సత్యవేణి రాజమండ్రి వచ్చింది. ఫోనులో ఇందుమతి గొంతు విని, ఏదో ఉందని పసిగట్టి, చెప్పకుండా బస్సెక్కేసింది. ఇందుమతి సోమయాజులుకి ఫోను చేసి, అక్కకు గది చూపించవచ్చా అని అడిగింది. "సర్పంచి గారు ప్రయోగశాల చూడ్డానికొచ్చారని పుస్తకంలో రాస్తాను. అందులో దాచేదేముంది" అన్నాడాయన.

సత్యవేణి గాజు కిటికీ దగ్గర నిలబడి లోపల ఉన్న గొట్టాన్ని కిందినుంచి పైదాకా చూసింది. చెల్లెలు చెబుతున్నదంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. అంతా అయ్యాక అడిగింది.

"ఇప్పుడు లోపల ఏ కాలం నడుస్తాంది?"

"బావి మూసేసి నలభై ఏళ్ళు. అక్కడితో ఆపి ఉంచాం."

"నేనుండను."

"నేనూ ఉండను. మొన్న బారసాల చేసిన పిల్ల ఉంటుంది. డెబ్బై ఏళ్ళది."

సత్యవేణి కొళాయి కింద గాజు పాత్రలో చేరిన నీళ్ళ వైపు చూసింది. "ఏటే ఇందూ, ఇప్పుడేదో తియ్యటి నీళ్ళు తాగుతున్నట్టు చెబుతావు. రొయ్యల చెరువులొచ్చేక మా పంపుల్లో వచ్చేదీ ఉప్పే. టిన్నులు కొనుక్కుని తాగుతున్నాం. పోయేవి ఎలాగూ పోయేయి. వచ్చే ఆసుపత్రిని కూడా పోగొట్టుకోమంటావా?"

"చెరువుల ఉప్పు పైనుంచి దిగింది. చెరువులు ఆపితే వానలకి కొన్నేళ్ళలో కడుక్కుపోతుంది. ఇది కిందినుంచి వస్తుంది. ఒకసారి మొదలైతే ఆపడానికి కంపెనీ ఉండదు, బావి ఎక్కడుందో గుర్తున్నవాళ్ళూ ఉండరు."

"ఆ పిల్లని మా కోడలు పంటు మీద కంది. నేను పక్కనే ఉన్నాను. రక్తం ఆగలేదు. ఆ గంటలో నువ్వు నా పక్కనుంటే అరవై ఏళ్ళ తర్వాత సంగతి చెప్పేదానివా?"

సోమయాజులు నెమ్మదిగా బయటికి వెళ్ళిపోయాడు. అక్కాచెల్లెళ్ళిద్దరే కిటికీ ముందు మిగిలారు. సత్యవేణికి ఏడుపొస్తే ముక్కు చీదడం అలవాటు. అలాగే చీది, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ అడిగింది.

"మీ వాళ్ళు మన నష్టాన్ని ముప్పావలా చేసేరన్నావు. ఎందుకట?"

"దూరంలో ఉంది కాబట్టి. ఎంత దూరంలో ఉంటే అంత చిన్నదవుతుంది."

"దగ్గరికి లాగితే?"

"అంటే?"

"ఎప్పుడో వచ్చే పరిహారం నాకెందుకు? కావలసినవి ముందే చెయ్యమంటాను. గొట్టం చుట్టూ ఇంకో గొట్టం, సిమెంటు రెండు వరసలు, గోదావరి ఎగువనుంచి మా ఊళ్ళన్నిటికీ మంచినీళ్ళ పైపు. రిగ్గు దిగకముందే. అప్పుడూ ముప్పావలానే అవుద్దా?"

ఇందుమతి ఆ సాయంత్రం లెక్క వేసింది. ఇవాళ పెట్టే ఖర్చును ఏ సూత్రమూ చిన్నది చెయ్యలేదు. అవన్నీ కలిపితే కోనసీమ పీపా ధర బొకారోని దాటిపోయింది.

"అక్కా, ఇలా అడిగితే వాళ్ళు రారు. బొకారో పోతారు. ఆసుపత్రి రాదు."

సత్యవేణి చెప్పులేసుకుంటూ అంది. "రాకపోవచ్చు. అడగకుండా మాత్రం పంచాయతీ అనుమతి కాగితం మీద సంతకం పెట్టలేను. చూసేనుగా మరి."

గ్రామసభ పంచాయతీ ఆఫీసు ముందు జరిగింది. సత్యవేణి తను చూసినదంతా చెప్పింది. చెల్లెలి పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరికీ తెలుసు. సగం మంది ఆమె మాట కాదన్నారు. పెళ్ళీడు కొడుకులున్న రైతొకాయన లేచి, "అరవై ఏళ్ళకి సముద్రమే ఊళ్ళోకొచ్చేత్తాదండి. నీళ్ళ గురించి ఇప్పుడెందుకు, ఉద్యోగాల సంగతి చూడండి" అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. చివరికి ఎవరు ఎంత అరిచినా, షరతులు రాసి పంపాలన్న తీర్మానం కొద్ది ఓట్ల తేడాతో నెగ్గింది.

కంపెనీ పోట్లాటకు దిగలేదు. రెండు నెలలు ఉత్తరాలు నడిపి, మర్యాదగా తప్పుకుని బొకారో వైపు తిరిగింది. ఆ సంగతి తెలిసిన రోజే ఇందుమతి సుమిత్రకు ఫోను చేసి, మోగళ్ళదిబ్బ ఏమేం అడిగిందో, ఎందుకు ముందే అడిగిందో వివరంగా చెప్పింది. సుమిత్ర నోట అది విని గోమియా వాళ్ళు ఇంకా గట్టిగా అడిగారు. ముందు పాత సొరంగాలన్నీ పూడ్చమన్నారు. కంపెనీ అక్కడినుంచీ తప్పుకుంది.

ఈలోగా ప్రయోగశాలలో మార్పులొచ్చాయి. ఇందుమతిని ఆ పనినుంచి తప్పించి జీతాల విభాగంలో కూర్చోబెట్టారు. మాగుడు గదికి కొత్త తాళం ఒకటి బిగించారు. నూనె ఆగిపోయిన క్షణాన గది తనంతట తానే చల్లారిపోతుంది, ఎవరు చెప్పినా మళ్ళీ వెలగదు. సోమయాజులు ఆ తాళం బిగించిన రోజున రాజీనామా ఇచ్చాడు. గదిని మాత్రం తీసుకెళ్ళలేకపోయాడు, అది ఆయనది కాదు.

మరుసటి ఎన్నికల్లో సత్యవేణి ఓడిపోయింది. కాస్తలో కాదు, చిత్తుగా. ఆ ఏడాదే వానాకాలంలో ఊళ్ళో ఒకావిడ నర్సాపురం చేరకముందే పంటు మీద చనిపోయింది. శవాన్ని వెనక్కి తెచ్చినప్పుడు సత్యవేణి గుమ్మం ముందు నిలబడి ఎవరో మన్ను ఎత్తిపోశారు. ఆమె తలుపు వేసుకోలేదు. చనిపోయినామె ఇంటికెళ్ళి, వాళ్ళు తిట్టినంతసేపూ అరుగు మీద కూర్చుని వచ్చింది.

దసరా సెలవులకి ఇందుమతి వెళ్ళేసరికి అక్క బాగా చిక్కిపోయి ఉంది. మనవరాలు తప్పటడుగులు వేస్తోంది. మధ్యాహ్నం వీధి అరుగు మీద ఇద్దరూ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారు.

"నా మీద కోపంగా ఉందా అక్కా?"

"ఉంది" అంది సత్యవేణి. "చూపించకుండా ఉంటే ఎంత బాగుండేదని ఒక్కోరోజు అనిపిస్తాది. మళ్ళీ వెంటనే, చూపించకపోతే నిన్ను క్షమించేదాన్ని కాదనిపిస్తాది. రెండూ ఉన్నాయి. ఏం చెయ్యను?"

ఇంకో చిక్కుడుకాయ అందుకుని అడిగింది. "ఇంతకీ ఎక్కడ తవ్వుతున్నారు?"

"మెహసానా. గుజరాత్. వచ్చే నెల రిగ్గు దిగుతుంది."

"ఆ రాయి ఏం చేస్తాదట?"

"తెలీదు. దాన్ని మూసేశాక నడపలేదు. ఇప్పుడు నడపనివ్వరు."

"ఆ ఊరివాళ్ళకి చెప్పేవా?"

"అక్కడ నాకెవరూ తెలీదక్కా."

సత్యవేణి చేతిలో పని ఆపింది. "నాకు చెప్పేవు. ఆ బొకారో పిల్లకి చెప్పేవు. అక్కడ నీకు అక్క లేదని చెప్పలేదా?"

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఇందుమతి సర్దిచెప్పుకునేది. తిరిగి వెళ్ళాక ఉద్యోగానికి రాజీనామా కాగితం రాసి ఇచ్చింది, ఎందుకంటే ఉద్యోగంలో ఉండి వెళ్ళడం కుదరదు. మర్నాడు అహ్మదాబాదు రైలెక్కింది.

మెహసానా దాటాక జీలకర్ర చేల మధ్య ఉంది ఆ ఊరు. పంచాయతీ ఆఫీసులో పదిమంది దాకా రైతులు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ళ ఎదురుగా నిలబడి హిందీలో చెబుతుంటే కుర్రటీచరొకామె గుజరాతీలోకి మార్చి చెబుతోంది. మాగుడు గది గురించి, కోనసీమలో వచ్చిన ఉప్పు గురించి, గోమియాలో పోగైన గ్యాసు గురించి చెప్పింది. గదికి వేసిన తాళం గురించి కూడా చెప్పింది. తలపాగా పెద్దాయనొకడు చివరిదాకా విని, గొంతు సవరించుకుని అడిగాడు.

"అయితే అమ్మా, బావి మూసేశాక మా నేలకి ఏమవుతుంది?"

"నాకు తెలీదండి" అంది ఇందుమతి. "మీ రాయిని అంతవరకు ఎవరూ చూడలేదు. చూసేదాకా సంతకం పెట్టేది లేదని చెప్పండి. అది చెబుదామనే ఇంత దూరం వచ్చాను."

టీచరు ఆ మాటల్ని గుజరాతీలో చెప్పింది. పెద్దాయన పక్కనున్నవాళ్ళతో ఏదో అన్నాడు. ఒకతను లేచి వెళ్ళి ఆమె కోసం కుర్చీ ఒకటి తెచ్చి, తమ వరసలో వేశాడు.